సీసా నుంచి పశువు నోటి దాకా: ఇంట్లో పశువుల మందులు దాచడం, కొలవడం, పట్టడం

ఐదేళ్ల కిందట మా చావిట్లో రెండు నెలల పడ్డదూడ చనిపోయింది. నేను పట్టిన నట్టల మందు (కడుపులో పురుగులు పోవడానికి పట్టేది) వల్లే పోయింది. మందు మంచిదే, కొలత కూడా డాక్టరుగారు చెప్పినంతే. కానీ ఆ రోజు పాలవాడు వచ్చే టైమైందని తొందర. దూడ తల పైకెత్తి పట్టుకుని, సీసా మూతి దవడలో పెట్టి ఒక్కసారిగా వంచేశాను. అది దగ్గింది. ముక్కులోంచి తెల్లటి మందు చుక్కలు చుక్కలుగా కారింది. పొలమారిందిలే, కాసేపటికి సర్దుకుంటుంది అనుకున్నాను. మూడో రోజుకి మెడ చాచి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయసాగింది. ఐదో రోజు పొద్దున లేవలేదు. మందు ఊపిరితిత్తుల్లోకి పోయిందని, అప్పుడే పిలిచి ఉంటే ఏదన్నా చేయగలిగేవాళ్లమని డాక్టరుగారు చెప్పారు.

మాకు నాలుగు గేదెలు, పాతిక దాకా గొర్రెలు, మేకలు, ఒక కుక్క ఉన్నాయి. ఆ దూడ పోయాక మందుల విషయంలో ఏది ఎందుకు చేయాలో ప్రతిదీ అడిగి తెలుసుకున్నాను. మందు మంచిదా కాదా అని అందరం ఆలోచిస్తాం. కొన్నాక సీసా ఎక్కడ పెట్టాం, ఎంత పోశాం, ఎలా పట్టాం అన్నది మాత్రం పెద్దగా పట్టించుకోం. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం అక్కడే జరిగాయి.

ఇంట్లో ఏవి చేయాలి, ఏవి చేయకూడదు

డాక్టరు చెప్పిన నట్టల మందు పట్టడం, మాత్రలు మింగించడం, పుండ్లకు పైపూత, పిడుదుల మందు కొట్టడం, మినరల్ మిక్చర్ కలిపి పెట్టడం ఇంట్లో చేసుకోవచ్చు. పొదుగు వాపుకు చన్నులోకి ఎక్కించే ట్యూబులు కూడా ఒకసారి డాక్టరు దగ్గరుండి చూపించాక మనమే వేయవచ్చు.

ఇంజెక్షన్లు మాత్రం వద్దు. ఈనగానే పడిపోయిన గేదెకు నరానికి ఎక్కించే కాల్షియం వేగంగా పోతే గుండె ఆగిపోతుంది. ఎదకు రావడానికి వేసే కొన్ని హార్మోను ఇంజెక్షన్లు చర్మం మీద పడినా ఒంట్లోకి ఇంకుతాయి. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సీసాను అసలు ముట్టుకోకూడదు. పడ్డదూడలకు ఈసుడు రోగం (చూలు పోయే జబ్బు, బ్రూసెల్లోసిస్) రాకుండా వేసే టీకాలో బతికున్న క్రిములుంటాయి. ఆ సూది పొరపాటున మనిషికి గుచ్చుకుంటే మనిషికే జబ్బు రావచ్చు.

ఇంట్లో మిగిలిన మన మాత్రలు పశువులకు వేయడం ఇంకో పెద్ద పొరపాటు. నొప్పికి వాడే డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని అవి చచ్చిపోతాయి. ఒకప్పుడు ఊరి బయట గుంపులుగా వాలే రాబందులు మన పిల్లలకు కనిపించకుండా పోవడానికి అసలు కారణం ఇదే. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా ఆ జాబితాలో చేరాయి. పశువు ఒంట్లోకి వెళ్లాక ఎసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. నొప్పి, జ్వరం తగ్గాలంటే మెలాక్సికామ్ లాంటి మందులున్నాయి, డాక్టరుతోనే రాయించుకోండి. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ మాత్ర కూడా ప్రాణం తీస్తుంది. కుక్కకు ఐబుప్రొఫెన్ ఇవ్వకండి.

దాచడం

మా నాన్నగారి కాలంలో మందు సీసాను చూరులో దోపేవాళ్లు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చూరు కింద చెయ్యి పెట్టి చూడండి, ఎంత వేడో తెలుస్తుంది. చాలా మందుల లేబుల్ మీద 30 డిగ్రీల లోపు, వెలుతురు తగలకుండా ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో మన రేకుల కొట్టంలో ఆ వేడి దాటని రోజంటూ ఉండదు.

మూత ఉన్న ఒక ట్రంకు పెట్టె తీసుకోండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టి తాళం వేయండి. అందులో పశువుల మందులే ఉండాలి. మనుషుల మాత్రలు వేరే డబ్బాలో ఉంచండి. పొలానికి కొట్టే పురుగుమందు ఆ గదిలోనే ఉండకూడదు. పిడుదుల మందు కూడా విషమే కాబట్టి దాన్ని నోటి మందుల పక్కన పెట్టకుండా పెట్టెలో ఒక మూల ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంచుతాను.

మందును వేరే సీసాలోకి పోయకండి. షాపువాళ్లు పెద్ద డబ్బాలోంచి కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇస్తే తీసుకోకండి. పేరు, శాతం, గడువు, పాలు ఎన్ని రోజులు వాడకూడదో అన్నీ లేబుల్ మీదే ఉంటాయి. లేబుల్ పోయిందంటే ఆ మందు పనికిరానట్టే. కూల్‌డ్రింక్ సీసాలో తెల్లటి ద్రవం కనిపిస్తే ఇంట్లో పిల్లాడు ఏం చేస్తాడో చెప్పాల్సిన పని లేదు.

కొత్త సీసా మూత తీసిన రోజే దాని మీద మార్కరు పెన్నుతో తేదీ వేయండి. అట్ట మీది గడువు మూత తీయని సీసాకే వర్తిస్తుంది. తీశాక ఎన్నాళ్లు వాడవచ్చో చాలా మందుల మీద వేరేగా రాసి ఉంటుంది. రంగు మారినా, ఎంత ఊపినా కలవకుండా గడ్డలు కట్టినా, వాసన తేడా వచ్చినా డబ్బులు పోయాయని బాధపడకుండా పారేయండి.

టీకాల సంగతి వేరు. అవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. టీకా తెచ్చే బాధ్యత మీ మీద పడితే ఐసు పెట్టిన థర్మాస్ ఫ్లాస్కులో తీసుకురండి. సీసా ఐసుకు నేరుగా తగలకుండా కాగితంలో చుట్టండి. గొంతువాపు, చిటుక రోగం టీకాలు గడ్డకట్టాయంటే ఇక పనిచేయవు. కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటాయి, అందుకే తెలియకుండా వేసేస్తాం. ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి. తలుపులో, ఐసుగడ్డల అరకు ఆనించి పెట్టకండి. పారుడు రోగం టీకా లాంటివి పొడిగా వస్తాయి. వాటితోపాటు ఇచ్చిన ద్రవంలోనే కలిపి, గంటా రెండు గంటల్లో అయిపోయేలా వేయించాలి. మిగిలింది మర్నాటికి దాచకూడదు.

బరువు తెలియకుండా కొలత లేదు

"పెద్ద గేదె కదా, ఒక సీసా పట్టెయ్" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. కంటితో చూసి చెప్పే బరువు చాలాసార్లు తక్కువే ఉంటుంది. తక్కువ మందు పడితే నట్టలు చావవు సరికదా, బతికినవి ఆ మందుకు అలవాటుపడతాయి. కొన్నాళ్లకు ఊరి మందల్లో ఆ మందు పని చేయడం మానేస్తుంది.

గొర్రె, మేక, చిన్న దూడలకు స్ప్రింగు కాటా చాలు. గోనెసంచి కింద పట్టీలాగా వేసి వేలాడదీయండి. గేదెకు దర్జీ టేపు తీసుకోండి. గేదె నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడాలి. ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ టేపు తిప్పి ఎన్ని అంగుళాలో రాసుకోండి. తర్వాత భుజం ముందు ఎముక కొస నుంచి తోక పక్కన పొడుచుకొచ్చిన ఎముక కొస దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది.

మా పెద్ద గేదె ఛాతీ 72 అంగుళాలు, పొడవు 58. 72 ఇంటూ 72 అంటే 5184. దాన్ని 58తో గుణిస్తే 3,00,672. 660తో భాగిస్తే దాదాపు 456 కిలోలు. నేను 350 ఉంటుందేమో అనుకుంటూ ఉండేదాన్ని! ఈ లెక్క కాటా అంత కచ్చితంగా రాదు, నిండు చూడి గేదెకు ఇంకా తేడా వస్తుంది. అయినా కంటి అంచనా కన్నా ఎంతో నయం.

మందలో అన్నిటినీ తూయలేకపోతే పెద్దవి, మధ్యవి, పిల్లలు అని మూడు గుంపులు చేయండి. ఒక్కో గుంపులో అన్నిటికంటే బరువున్నదాన్ని తూచి, ఆ బరువుకు తగిన మందే ఆ గుంపుకంతా పట్టండి.

శాతం చూడండి, మి.లీ. తర్వాత

ఒకే పేరు మందు రెండు మూడు బలాల్లో దొరుకుతుంది. ఆల్బెండజోల్ 2.5 శాతం అంటే ఒక మి.లీ.లో 25 మి.గ్రా. మందు ఉన్నట్టు. 10 శాతం అంటే 100 మి.గ్రా. రెండూ తెల్లగానే ఉంటాయి, సీసాలూ ఒకలాగే ఉంటాయి.

24 కిలోల మేకకు కిలోకు 7.5 మి.గ్రా. చొప్పున పట్టమని డాక్టరు రాశారనుకోండి. మొత్తం 180 మి.గ్రా. కావాలి. 2.5 శాతం మందయితే 180ని 25తో భాగించాలి, 7.2 మి.లీ. వస్తుంది. 10 శాతం మందయితే 1.8 మి.లీ. పోయినసారి 7 మి.లీ. పట్టాం కదా అని ఈసారి 10 శాతం సీసాలోంచి అంతే తీస్తే నాలుగు రెట్లు పడుతుంది. పైగా ఆల్బెండజోల్‌ను చూలు నిలిచిన మొదటి నెల, నెలన్నరలో అసలే పట్టకూడదు, పిండానికి దెబ్బ. మందలో ఏది చూలుతో ఉందో తెలియకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి, వేరే మందు రాస్తారు. మాత్రల్లోనూ ఇదే చిక్కు. 1.5 గ్రాములవి, 3 గ్రాములవి రెండూ ఒకే పేరుతో వస్తాయి.

మేకల గురించి ఒక మాట. మేక ఒళ్లు చాలా నట్టల మందుల్ని గొర్రె కన్నా త్వరగా బయటికి పంపేస్తుంది. అందుకని మేకకు డాక్టరు ఎక్కువ మోతాదు రాస్తే కంగారు పడకండి. మీ అంతట మీరు మాత్రం పెంచకండి.

కొలవడానికి వంటింటి చెంచా వద్దు, సీసా మూతా వద్దు. సూది తీసేసిన సిరంజి వాడండి. మేకపిల్లకు 5 మి.లీ., పెద్ద మేకకు 10, గేదెకు 50 మి.లీ. సిరంజి సరిపోతాయి. మందు తీసే ముందు సీసాను పదీ పదిహేనుసార్లు బాగా తలకిందులు చేస్తూ కలపండి. ఒకసారి సీసాను వెలుతురుకు పెట్టి చూడండి: అడుగున రెండు వేళ్ల మందాన తెల్లటి మడ్డి పేరుకుని, పైన నీళ్లలా తేటగా ఉంటుంది. కలపకుండా పడితే మొదటి మేకలకు నీళ్లు, చివరి మేకలకు మడ్డి పడుతుంది. పాతిక గొర్రెలకు పట్టేటప్పుడు ఐదారింటికి ఒకసారి మళ్లీ ఊపాలి. సిరంజిలో గాలి బుడగ ఉంటే మూతి పైకి పెట్టి బయటికి తోసేసి, అప్పుడు గీత చూడండి.

మందు పట్టే గన్ను వాడేవాళ్లు పని మొదలుపెట్టే ముందు నీళ్లతో పరీక్షించాలి. 5 మి.లీ. దగ్గర పెట్టి కొలత గ్లాసులోకి పదిసార్లు నొక్కండి. 50 మి.లీ. రాకపోతే వాషరు అరిగినట్టే.

మందు పట్టడం

దీనికి తొందర పనికిరాదు. పాలు పిండే ముందు, ఎక్కడికో బయలుదేరే ముందు పెట్టుకోకండి. పొద్దున చల్లటి వేళ, ఇంకో మనిషి తోడుగా ఉన్నప్పుడు చేయండి.

ముందు పశువును చూడండి. అది నిలబడగలగాలి, మింగగలగాలి. పడిపోయి మెడ వాల్చిన గేదెకు, మత్తుగా ఉన్నదానికి, గొంతు వాచి గురక పెట్టేదానికి నోట్లో ఏమీ పోయకండి. ఈనిన రోజు పడిపోయిన గేదెకు బెల్లం నీళ్లు, కల్లు పట్టి చంపుకున్నవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు. అప్పుడు దానికి మింగే శక్తి ఉండదు, పోసింది పోసినట్టు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

1. పశువును గుంజకు దగ్గరగా కట్టండి. మేకయితే గోడ మూలకు నిలబెట్టి రెండు కాళ్ల మధ్య పట్టుకోండి.

2. కుడిచేతి వాటం అయితే పశువు కుడి పక్కన, అది చూసే వైపే చూస్తూ నిలబడండి. ఎడమ చెయ్యి దాని ముఖం మీదుగా వేసి పట్టుకోండి.

3. తల కొంచెమే ఎత్తండి. ముక్కు కంటికి సమానంగా ఉంటే చాలు, అంతకన్నా పైకి వద్దు. నేను చేసిన తప్పు ఇదే. తల ఆకాశానికి ఎత్తితే గొంతు బిగుసుకుపోయి మింగలేదు, గాలి గొట్టం మాత్రం తెరుచుకునే ఉంటుంది.

4. నాలుక బయటికి లాగకండి. నాలుక వెనక్కి కదిలితేనే గుటక పడుతుంది. మీరు నోరు మూసుకోకుండా, నాలుక పట్టుకుని నీళ్లు మింగి చూడండి.

5. పెదవి మూలలో, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. అక్కడినుంచి సిరంజి మూతి నాలుక మీదకు పెట్టండి. గొంతులోకి పొడవకండి.

6. గుక్కెడు పోసి ఆగండి. మెడ కింద గొంతు కదిలిందా చూడండి. కదిలాకే ఇంకో గుక్క. మేకకు ఒకసారికి 3, 4 మి.లీ., దూడకు 10 మి.లీ. మించకండి.

7. దగ్గితే, పెనుగులాడితే వెంటనే తల వదిలేయండి. తల కిందికి వంచుకుని దగ్గి బయటికి తెచ్చుకుంటుంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

గాజు సీసాతో పట్టకండి. గేదె కొరికితే నోట్లోనే పగులుతుంది. మా ఊళ్లో ఇంకా వెదురు గొట్టం వాడేవాళ్లున్నారు. అది విరగదు గానీ, ఎంత పోతోందో కొలత తెలియదు, వంచితే అంతా ఒకేసారి జారిపోతుంది. కడుపు ఉబ్బరానికి నూనె పట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. నూనె నాలుకకు నీళ్లలా తగలదు, గుటక వేయకముందే జారిపోతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే బతకడం కష్టం.

మాత్రయితే ముక్కలు చేసి బెల్లం ముద్దలో గానీ అరటిపండులో గానీ పెట్టి నాలుక వెనక భాగం మీద పెట్టండి. ఐదు నిమిషాలు అక్కడే నిలబడండి. మా ఎర్ర మేక బెల్లం చప్పరించి మాత్రను గడ్డిలోకి ఉమ్మేస్తుంది. మందకంతా కలిపి తవుడులో మందు వేయకండి. బలమైనవి రెండు వాటాలు తింటాయి, నీరసంగా ఉన్నదానికి, అంటే మందు అసలు కావాల్సినదానికి, ఏమీ దక్కదు. మనిషికి వేసే యాంటీబయాటిక్ క్యాప్సూళ్లు పెద్ద పశువుకు నోటి ద్వారా వేస్తే కడుపులో మేత అరిగించే క్రిములు చచ్చి, మేత మానేస్తుంది.

కుక్కకు మాత్ర నాలుక వెనక పెట్టి, నోరు మూసి, గొంతు నిమరండి. పిల్లికి మాత్ర వేశాక సిరంజితో 5 మి.లీ. నీళ్లు పట్టాలి, లేదంటే గొంతులో అంటుకుని పుండవుతుంది. పశువుల కోసం కొన్న ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కుక్కపిల్లకు వాడకండి. అది 50 కిలోలకు ఒక మి.లీ. లెక్కన తయారైంది, 3 కిలోల పిల్లకు చుక్క ఎక్కువైనా ప్రమాదమే.

పొదుగులోకి ట్యూబు, ఒంటి మీద మందు

చన్నులోకి ట్యూబు ఎక్కించే ముందు ఆ చన్ను పాలు పూర్తిగా పిండేయండి. చేతులు సబ్బుతో కడిగి, స్పిరిట్ దూదితో చన్ను కొస శుభ్రంగా తుడవండి. దూది మీద మురికి కనబడకుండా వచ్చేదాకా తుడవాలి. రెండు మూడు చన్నులకు వేయాల్సి వస్తే మనకు దూరంగా ఉన్నవి ముందు తుడిచి, దగ్గరున్నవాటికి ముందు మందు ఎక్కించండి. అప్పుడు తుడిచిన చన్నుకు మన చెయ్యి తగలదు. ట్యూబు ముక్కును దేనికీ తాకించకండి, లోపలికి కొస మాత్రమే పోనివ్వండి. ఒక ట్యూబు ఒక చన్నుకే. సగం సగం పంచితే రెండూ నయం కావు, శుభ్రత లేకపోతే ఆరోగ్యంగా ఉన్న చన్నుకూ జబ్బు అంటుతుంది.

పిడుదుల మందును లేబుల్ మీద రాసినంత నీళ్లలో, సిరంజితో కొలిచి కలపండి. చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. గేదెకు ముందు కడుపునిండా నీళ్లు పెట్టండి, దాహంతో ఉంటే ఒళ్లు నాకుతుంది. పుండ్ల మీద, కళ్ల దగ్గర కొట్టవద్దు. డెల్టామెత్రిన్ చేపలకు విషం కాబట్టి కొట్టిన రోజు గేదెను చెరువులోకి తోలకండి, డబ్బా చెరువులో కడగకండి. పత్తికి తెచ్చిన పురుగుమందు పశువు ఒంటికి రాయడం ఇప్పటికీ జరుగుతోంది. పశువూ పోతుంది, రాసిన మనిషి ఆసుపత్రి పాలవుతాడు. దయచేసి ఆ పని చేయకండి.

పాలు ఎన్నాళ్లు పక్కన పెట్టాలి

మందు లేబుల్ మీద పాలు ఎన్ని రోజులు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదో ఉంటుంది. 2012లో కేంద్రం ఔషధ నియమాల్లో ఈ మాట చేర్చింది. ఆ పశువుకు గడువు నిర్ధారించని మందయితే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. లెక్క చివరి మోతాదు వేసిన రోజు నుంచి మొదలవుతుంది. ట్యూబు ఒక్క చన్నుకే వేసినా నాలుగు చన్నుల పాలూ పక్కన పెట్టాలి.

కాచితే పోతుందిలే అనుకోవద్దు, చాలా యాంటీబయాటిక్‌లు కాచినా పోవు. ఆ పాలు తోడు వేసి చూస్తే పెరుగు సరిగా తోడుకోదు. తోడులో ఉండే క్రిముల్ని కూడా ఆ మందు చంపేస్తుంది. వారం పాల డబ్బులు పోతాయని ప్రాణం కొట్టుకుంటుంది, నాకూ అంతే. కానీ మన పాలు కేంద్రానికి పోయాక పసిపిల్లల గ్లాసుల్లోకే వెళ్తాయి. దూడకూ పెట్టకండి, గొయ్యి తీసి పోయండి.

ఇవన్నీ గుర్తుండవు కాబట్టి చావిట్లో ఒక పుస్తకం వేలాడదీశాను. తేదీ, చెవి పోగు మీది 12 అంకెల నంబరులో చివరి నాలుగు, మందు పేరు, శాతం, ఎంత పట్టామో, పాలు మళ్లీ ఏ రోజు నుంచి పోయవచ్చో రాస్తాం. మందు పడుతున్న గేదె కాలికి ఎర్ర గుడ్డ కడతాం, ఇంట్లో ఎవరు పిండినా తెలుస్తుంది.

తేడా వస్తే

మందు పట్టాక అరగంట అక్కడే ఉండండి. ముక్కులోంచి మందు కారడం, ఆగని దగ్గు, మెడ చాచి ఊపిరి తీయడం కనిపిస్తే ఇంకేమీ పట్టకుండా డాక్టరును పిలవండి. మొహం, కనురెప్పలు వాచడం, ఒళ్లంతా దద్దుర్లు, వణుకు వస్తే మందు ఒంటికి సరిపడలేదన్నమాట, అది నిమిషాల్లో ముదురుతుంది. చొంగ కారుతూ, కళ్లలో నీళ్లు తిరుగుతూ, కాళ్లు తడబడితే విషం ఎక్కిందేమో చూడాలి. ఒంటికి రాసిన మందయితే డాక్టరు వచ్చేలోపు నీళ్లతో, సబ్బుతో కడిగేయండి. ఇంటి వైద్యమని నోట్లో ఏమీ పోయకండి.

ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. ఫోన్ చేసే ముందు సీసా చేతిలో పట్టుకోండి. మందు పేరు, శాతం, ఎన్ని మి.లీ. పట్టారు, ఎన్ని గంటలకు పట్టారు, పశువు బరువెంత, చూడిదా కాదా, ఈ ఆరు చెప్పండి. ఎక్కువ పట్టి ఉంటే ఎక్కువే పట్టానని చెప్పండి. సీసా పారేయకుండా డాక్టరు వచ్చేదాకా అక్కడే ఉంచండి.

డాక్టరు వాడి వదిలేసిన సూదుల్ని పేడకుప్పలో వేయనివ్వకండి. ఎరువు తోలేటప్పుడు కూలీల కాళ్లకు గుచ్చుకుంటాయి. మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి చావిట్లో పెట్టి, సూదులన్నీ అందులో వేసి, నిండాక మూత బిగించి పశువుల ఆసుపత్రిలో ఇచ్చేయండి. గడువు దాటిన మందులూ అలాగే.